ఒక వృత్తి ముగిసి మరొకటి మొదలుకాని కాలంలో "నేనెవరు?": హైదరాబాద్ వాసులకు సమగ్ర మార్గదర్శి

హైదరాబాద్‌లో కొన్ని పేటలకు ఒకప్పటి కర్మాగారాల పేర్లే మిగిలాయి. ఫ్రిజ్‌లు, బస్సు బాడీలు, చేతి గడియారాలు తయారుచేసిన ఆల్విన్ సంస్థ ఇప్పుడు లేదు, ఆల్విన్ కాలనీ ఉంది. 1961లో మొదలైన మందుల సంస్థ ఐడీపీఎల్ మూతపడింది, బాలానగర్ వైపు వెళ్ళే ప్రయాణికులు మాత్రం ఇప్పటికీ ఐడీపీఎల్ దగ్గర దిగుతామనే అంటారు. ఆ కాలనీల్లో పెద్దవారిని పరిచయం చేసేటప్పుడు "వీరు ఆల్విన్‌లో చేసేవారు" అనడం నేటికీ వినిపిస్తుంది. మన ఇంటి పేర్లలోనూ ఇదే జరిగింది. కరణాల వ్యవస్థ 1984లో రద్దయినా, కరణం అన్న ఇంటి పేరు ఎన్నో కుటుంబాలతో అలాగే నిలిచింది. పని పేరుగా మారి, పని పోయాక కూడా పేరు మిగలడం మనకు తెలియని సంగతేమీ కాదు. అయితే అలా మిగలడానికి ముందు, ఒక మనిషి జీవితంలో పని పోయి, పేరు ఇంకా కుదురుకోని కాలం ఒకటి ఉంటుంది. ఈ వ్యాసం ఆ కాలం గురించి.

పద్నాలుగేళ్ళు గచ్చిబౌలిలోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో టెస్టింగ్ విభాగంలో పనిచేసి బయటికి వచ్చాక, మరో వృత్తిలో కుదురుకోవడానికి నాకు పదకొండు నెలలు పట్టింది. చివరి రోజున మెడలోని గుర్తింపు కార్డును సెక్యూరిటీ కౌంటర్‌లో అప్పగించి రసీదు తీసుకున్నాను. తెలుగులో గుర్తింపు అన్న మాటకు రెండు అర్థాలు ఉన్నాయని నాకు ఆ రోజుల్లోనే స్పష్టంగా తెలిసింది: ఇతరులు మనల్ని గుర్తించడం ఒకటి, మనల్ని మనం ఫలానా అని ఎరిగి ఉండడం మరొకటి. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఈ రెండూ ఒకే కార్డు మీద అచ్చయి ఉంటాయి కనుక వాటిని విడదీసి చూడవలసిన అవసరం రాదు. కార్డు వెనక్కి ఇచ్చిన రోజున మొదటిది పోతుంది. రెండవది కూడా దానితోపాటే పోయిందని అనుకోవడం వల్లనే ఈ కాలంలోని బాధలో ఎక్కువ భాగం కలుగుతుంది. కింది మెట్లన్నీ ఈ రెండింటినీ విడదీయడానికి ఉద్దేశించినవి. చేతిలో మరో ఆఫర్ లెటర్ ఉండి నెల రోజుల విరామంలో ఉన్నవారికి వీటితో పనిలేదు. ఒక వృత్తి నుంచి బయటికి వచ్చి, తరువాతిది ఏమిటో తెలియని స్థితిలో ఉన్నవారి కోసమే ఇది రాస్తున్నాను.

మొదటి మెట్టు: కాగితాల పని రెండు వారాల్లో ముగించండి

డబ్బు భయం లోపల ఉండగా "నేనెవరు" అన్న ప్రశ్నకు నిజాయతీగల సమాధానం రాదు. ముందుగా రిలీవింగ్ లెటర్, సర్వీస్ సర్టిఫికెట్ చేతికి తీసుకోండి. భవిష్య నిధికి సంబంధించిన యూఏఎన్ సంఖ్య ఉద్యోగం మారినా మారదు కనుక, దానికి మీ సొంత ఫోన్ నంబరు అనుసంధానమై ఉందో లేదో చూసుకోండి. భవిష్య నిధితోపాటే ఉండే పెన్షన్ పథకంలో అర్హతకు పదేళ్ళ సర్వీసు కావాలి. అంతకన్నా తక్కువ ఉన్నవారు ఆ సొమ్ము తీసేసుకుంటే అప్పటిదాకా ఉన్న సర్వీసు లెక్కలోంచి పోతుంది, సొమ్ముకు బదులు ఆ సర్వీసును ధ్రువీకరించే స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుంటే తరువాతి ఉద్యోగానికి కలుస్తుంది. సంస్థ ఇచ్చిన గ్రూప్ ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే ముగుస్తుందనీ, అందులో చేర్చిన తల్లిదండ్రులకు కూడా అదే రోజు రక్షణ పోతుందనీ చాలామంది ఆలస్యంగా గమనిస్తారు. అదే బీమా కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారే వీలు ఉంది. ఆ దరఖాస్తు గడువు దాటకముందే పెట్టాలి. ముందు నుంచీ ఉన్న జబ్బులకు కొత్త పాలసీలో మూడేళ్ళ వరకూ నిరీక్షణ కాలం ఉండవచ్చు కనుక, ఇంట్లో షుగరు, బీపీ ఉన్న పెద్దలు ఉంటే ఈ ఒక్క పనిని వాయిదా వేయకండి.

తరువాత ఇంటి అద్దె లేదా ఈఎంఐ, స్కూలు ఫీజులు, బీమా, నెల ఖర్చు కలిపి, చేతిలో ఉన్న సొమ్ము ఎన్ని నెలలకు సరిపోతుందో ఒకే ఒక్క సంఖ్యగా తేల్చి, ఆ నెల పేరును కాగితం మీద రాయండి. "డిసెంబరు" అని రాసుకున్న భయం, పేరు లేని భయం కన్నా చిన్నది.

రెండవ మెట్టు: ఉద్యోగం ఏమేమి ఇచ్చిందో ఐదు పేజీల్లో రాయండి

ఆస్ట్రియాలో వియన్నాకు దగ్గరగా ఉన్న మారియంతాల్ అనే చిన్న ఊరిలో బట్టల మిల్లు మూతపడి దాదాపు ఊరంతా పని కోల్పోయినప్పుడు, మారీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైజెల్ అనే పరిశోధకులు అక్కడి జీవితాన్ని దగ్గరగా పరిశీలించి 1933లో ప్రచురించారు. చేతి నిండా సమయం ఉన్న ఆ మగవారు వీధిలో మునుపటికన్నా మెల్లగా నడిచేవారు, మాటిమాటికీ ఆగి నిలబడిపోయేవారు. చదువుకోవడానికి తీరిక దొరికినా గ్రంథాలయం నుంచి తీసుకునే పుస్తకాల సంఖ్య తగ్గిపోయింది. ఉద్యోగం జీతంతోపాటు కంటికి కనిపించని మరికొన్నింటిని కూడా ఇస్తుందని యహోదా ఆ తరువాతి కాలంలో వివరించి, వాటిని ఐదుగా లెక్కపెట్టారు: రోజుకు ఒక వేళాక్రమం, కుటుంబానికి బయట మనుషులతో సంబంధం, పదిమందితో కలిసి సాధించే ఉద్దేశం, సమాజంలో ఒక హోదా, క్రమం తప్పని శ్రమ.

ఒక నోటుపుస్తకంలో ఈ ఐదింటికీ ఒక్కొక్క పేజీ కేటాయించండి. ప్రతి పేజీలోనూ ఆ ఉద్యోగం దాన్ని మీకు ఏ రూపంలో ఇచ్చిందో, వీలైనంత చిన్న వివరాలతో రాయండి. "సహోద్యోగుల సాంగత్యం" అని రాస్తే ఏమీ తేలదు. "మధ్యాహ్నం మూడున్నరకు నాలుగో అంతస్తు కిటికీ దగ్గర ముగ్గురం కలిసి తాగే చాయ్" అని రాస్తేనే పోయినది ఏమిటో తెలుస్తుంది.

ఈ మెట్టు దగ్గర తొందరపడవద్దని గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే నా విషయంలో అసలు చిక్కుముడి విడిపోయింది ఇక్కడే. నాకు టెస్టింగ్ పని మీద మమకారం ఉందనీ, అది లేక మనసు విలవిల్లాడుతోందనీ నేను నమ్మాను. ఐదు పేజీలూ నిండాక చూస్తే, పని గురించి రాసినది నాలుగు వాక్యాలే ఉంది. కొత్తగా చేరిన పిల్లలు ల్యాప్‌టాప్ పట్టుకొని నా బల్ల దగ్గరికి వచ్చి "ఒక్కసారి ఇది చూస్తారా" అని అడగడం గురించి రెండు పేజీలు రాశాను. నేను పోగొట్టుకున్నది వృత్తిని కాదని, పదిమందికి తెలియజెప్పే అవకాశాన్నని అర్థం కావడానికి నాకు అంత కాగితం పట్టింది. మరొకరికి ఇది పూర్తిగా వేరే పేజీలో తేలవచ్చు. హోదా పేజీ అన్నింటికన్నా ఎక్కువ నిండితే సిగ్గుపడవలసినది ఏమీ లేదు. ఫలానా సంస్థలో మేనేజరు అన్న మాటతో బంధువుల్లో దక్కే మర్యాద నిజమైనదే, అది పోయినప్పుడు కలిగే బాధ కూడా నిజమైనదే.

మూడవ మెట్టు: వారం రోజులు సమయపు లెక్క రాసి, ఒక్క వేళను స్థిరపరచండి

మారియంతాల్ పరిశోధకులు ఆ ఊరివారిని వారి రోజును గంటల వారీగా రాసి ఇమ్మని అడిగినప్పుడు, అక్కడి మగవారిలో చాలామంది నిద్ర లేవడం, భోజనం వంటి మూడు నాలుగు ఘట్టాలు తప్ప ఏమీ గుర్తుచేసుకోలేకపోయారు. మీరూ ఒక వారం పాటు రెండు గంటలకు ఒకసారి ఏం చేశారో ఒక్క వాక్యం రాయండి. దాన్ని చూసి మిమ్మల్ని మీరు తప్పుపట్టుకోవడం కోసం ఈ లెక్క వేయమనడం లేదు. రోజులో ఏ భాగం ఆనవాలు లేకుండా జారిపోతోందో తెలుసుకోవడానికి మాత్రమే.

ఆ భాగంలో ఇల్లు వదిలి వెళ్ళే ఒక వేళను పెట్టుకోండి. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయంలో పోటీ పరీక్షల అభ్యర్థులు పొద్దున్నే వచ్చి కూర్చుంటారు, వారి మధ్య కూర్చున్నా ఒక క్రమం అలవడుతుంది. అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఉన్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం 1891లో అసఫియా గ్రంథాలయంగా మొదలైంది. సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయానిది 1901 నాటి చరిత్ర. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది. మీ ఇంటికి ఏది దగ్గరైతే అది చాలు. కాఫీ షాపుల కన్నా నేను గ్రంథాలయాన్నే సూచిస్తాను. అక్కడ ఖర్చు ఉండదన్నది చిన్న కారణం, ఎందుకు వచ్చారని ఎవరూ అడగరన్నది పెద్ద కారణం.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, పొద్దున లేవాలన్న ఇచ్ఛ పోయినా, బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఈ నోటుపుస్తకాన్ని పక్కన పెట్టి సాయం తీసుకోండి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా అందుతుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.

నాలుగవ మెట్టు: "ఏం చేస్తున్నారు?" అన్న ప్రశ్నకు మూడు ముక్కల సమాధానం సిద్ధం చేసుకోండి

మన ఊళ్ళలో పరిచయం పేరుతో మొదలై, ఊరి మీదుగా వెళ్ళి, "ఏం చేస్తుంటారు?" దగ్గర ఆగుతుంది. అపార్ట్‌మెంట్ లిఫ్టులో పైఅంతస్తు అంకుల్ "ఈ మధ్య ఇంట్లోనే ఉంటున్నారే, వర్క్ ఫ్రమ్ హోమా?" అంటారు. పెళ్ళిలో భోజనాల బంతిలో పక్కన కూర్చున్నవారు అదే అడుగుతారు. పిల్లల స్కూలు దరఖాస్తులో తల్లిదండ్రుల వృత్తి అన్న గడి ఖాళీగా ఎదురవుతుంది. వీరిలో ఎక్కువమంది మిమ్మల్ని తూచడానికి అడగరు. మాట కలపడానికి మనకున్న వాడుక అది. కాని ప్రతిసారీ సమాధానం కోసం అప్పటికప్పుడు వెతుక్కోవలసి రావడం మనిషిని అలిసిపోయేలా చేస్తుంది, ఆ భయంతో పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేస్తే రెండవ పేజీలో రాసుకున్న మనుషుల సంబంధం కూడా తెగిపోతుంది.

సమాధానంలో మూడు ముక్కలు ఉండాలి: పూర్తయినది ఒకటి, ఇప్పుడు పరీక్షించి చూస్తున్నది ఒకటి, నిర్ణయానికి ఒక గడువు. మా పెదనాన్నగారు ఒక పెళ్ళిలో "ఏం నాయనా, ఇప్పుడెక్కడ చేస్తున్నావు?" అని అడిగితే నేను చెప్పిన సమాధానం ఇది: "ఆ కంపెనీలో మార్చి నెలతో మానేశాను పెదనాన్నగారూ. పెద్ద తరగతుల పిల్లలకు కంప్యూటర్ సైన్స్ చెప్పే పని నాకు సరిపోతుందేమో చూసుకుంటున్నాను. దసరాకల్లా ఒక నిర్ణయానికి వస్తాను." ఆయన "ఎందుకు మానేశావు?" అని అడగలేదు, తనకు తెలిసిన ఒక కాలేజీ గురించి చెప్పడం మొదలుపెట్టారు. గడువు చెప్పిన మనిషిని లోకం జాలిగా చూడదు, ఎదురుచూస్తుంది.

"కన్సల్టెన్సీ చేస్తున్నాను" అని లేనిది చెప్పవద్దు. అబద్ధాన్ని ప్రతి ఫంక్షన్‌లోనూ కాపాడుకోవలసి వస్తుంది, అన్నింటికన్నా ముఖ్యంగా, సాయం చేయగలిగినవారికి మీకు సాయం అవసరమన్న సంగతే తెలియకుండా పోతుంది. సంబంధాలు చూస్తున్న ఇళ్ళలో ఈ ఒత్తిడి ఇంకా ఎక్కువ ఉంటుందని తెలుసు, అయినా బయోడేటాలో పాత ఉద్యోగాన్ని ఇప్పటిదిగా రాయడం రెండు కుటుంబాలకూ అన్యాయం. మూడు ముక్కల సమాధానం అక్కడ కూడా రాయవచ్చు. సమాధానాన్ని ముందు మీకు బాగా దగ్గరైన ఒకరి ఎదుట పైకి చెప్పి చూడండి. మధ్య ముక్క దగ్గర గొంతు తడబడితే, మీరు పరీక్షించి చూస్తున్నదేమిటో ఇంకా తేలలేదని అర్థం. అప్పుడు ఐదవ మెట్టుకు వెళ్ళండి.

ఐదవ మెట్టు: హోదాలను కొట్టివేసి క్రియలను రాయండి

మీ రెజ్యూమె తీసుకుని అందులోని హోదాలన్నింటి మీదా గీత కొట్టి, మీరు చేసిన పనులను క్రియలుగా రాయండి. "సీనియర్ టెస్ట్ లీడ్" అన్నది సంస్థ ఇచ్చిన పేరు. "తప్పు ఎక్కడుందో ఓపిగ్గా వెతికాను", "కోపంగా ఉన్న క్లయింటుకు జరిగినది ఉన్నదున్నట్టు చెప్పి శాంతపరిచాను", "కొత్తవారికి అర్థమయ్యేలా విడమరిచాను" అన్నవి మీతో బయటికి వచ్చినవి. ఐడీపీఎల్‌లో పనిచేసిన కె. అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ ల్యాబొరేటరీస్ స్థాపించారు. ఈ నగరంలో మందుల పరిశ్రమ పెరగడంలో ఐడీపీఎల్‌లో పని నేర్చుకున్నవారి పాత్ర పెద్దది. గేటు మూతపడినా, మందు తయారు చేయడం తెలిసిన చేతులు ఆ గేటు లోపల ఉండిపోలేదు.

ఇలాంటి క్రియలు కనిపించే ఇరవై సంఘటనలు రాయండి. కనీసం ఆరు ఉద్యోగానికి బయటివి కావాలి: కాలేజీ రోజులవి, ఊరివి, ఇంట్లో ఒక శుభకార్యాన్ని మీరు నడిపించినప్పటివి. వాటిలో చేస్తూ ఉండగా వేళ తెలియనివాటికి గుర్తు పెట్టండి. తరువాత ఐదుగురికి ఫోన్ చేయండి. పాత సహోద్యోగి ఒకరు, మీ కింద పనిచేసినవారు ఒకరు, తోబుట్టువు ఒకరు, చిన్ననాటి స్నేహితుడో స్నేహితురాలో ఒకరు, మీ జీవిత భాగస్వామి. "నాలో మంచి గుణాలేమిటి" అని అడిగితే మర్యాద కోసం చెప్పే మాటలే వస్తాయి. "నువ్వు నా దగ్గరికి ఏ పని పడితే వస్తావు?" అని అడగండి. ఐదుగురిలో ముగ్గురు ఒకే రకమైన పని చెబితే, మీరు మీ గురించి రాసుకున్నదాని కన్నా దానికే ఎక్కువ విలువ ఇవ్వండి.

ఆరవ మెట్టు: ఆరు వారాల ప్రయోగాలు చేయండి

ఇంట్లో కూర్చుని ఎంత ఆలోచించినా ఈ ప్రశ్న ఒక హద్దు దాటి తేలదు. కన్సల్టింగ్, ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ రంగాల్లో కొత్త పాత్రల్లోకి అడుగుపెడుతున్నవారిని పరిశీలించిన హెర్మినియా ఇబారా 1999లో ప్రచురించిన పరిశోధనలో, మనుషులు కొన్ని తాత్కాలిక స్వరూపాలను ధరించి, తమలోనూ ఎదుటివారిలోనూ వచ్చే స్పందనను బట్టి కొన్నింటిని ఉంచుకుని కొన్నింటిని వదిలేస్తారని వివరించారు. పట్టుచీర కొనేముందు భుజాన వేసుకుని అద్దంలో చూసుకున్నట్టే ఇది. దుకాణంలో భుజాన వేసుకున్నంత మాత్రాన కొనేసినట్టు కాదు, కొనకపోతే తప్పూ కాదు.

ప్రయోగానికి మూడు షరతులు పెట్టుకోండి. ఆరు వారాలకు మించకూడదు, చెప్పుకోదగ్గ ఖర్చు ఉండకూడదు, చివర్లో మరొక మనిషి చేతికి ఏదో ఒకటి అందాలి. బోధన ఆకర్షిస్తే, మీ కాలనీలోని నలుగురు పిల్లలకు ఆరు శనివారాలు పాఠం చెప్పండి. రాయడం ఆకర్షిస్తే, 2003 నుంచి నడుస్తున్న తెలుగు వికీపీడియాలో మీ ఊరి గురించీ, మీకు తెలిసిన రంగం గురించీ ఆధారాలతో ఆరు వ్యాసాలు మెరుగుపరచండి. చేతిపని, పరికరాల తయారీ మీద మనసు ఉంటే, రాయదుర్గంలో 2023లో ప్రారంభమైన టీ-వర్క్స్ నమూనాల తయారీ కేంద్రాన్ని చూసి రండి. సొంత సంస్థ ఆలోచన ఉన్న మహిళలకు తోడ్పడే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ వీ-హబ్ ఉంది. చదువు మార్చుకోవాలనుకునేవారికి 1982లో స్థాపితమైన మన సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇప్పుడు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరుతో ఉన్నది, జూబ్లీహిల్స్‌లోనే ఉంది.

అమీర్‌పేట గురించి ఒక మాట చెప్పాలి. మైత్రీవనం చుట్టుపక్కల కోర్సులు ఎందరికో జీవనోపాధి చూపించాయి, వాటి మీద నాకు గౌరవం ఉంది. అయితే ఈ సంధికాలంలో మొదటి పనిగా కోర్సుకు డబ్బు కట్టడాన్ని నేను సమర్థించను. ఫీజు రసీదు చేతిలోకి రాగానే మార్పు మొదలైపోయిందన్న ఊరట కలుగుతుంది, ఆ ఊరటే అసలు ప్రశ్నను మూడు నెలల పాటు మూసి ఉంచుతుంది. ముందు ప్రయోగం చేసి, ఏం రాకపోవడం వల్ల అది ఆగిందో తెలుసుకుని, అది నేర్పే కోర్సులో చేరండి.

ప్రతి వారం చివర మూడు వాక్యాలు రాయండి: ఏం చేశాను, చేస్తున్నప్పుడు ఎలా ఉంది, ఎదుటివారు ఏమన్నారు. నా మొదటి ప్రయోగం, డేటా విశ్లేషణ, నాలుగో వారానికే విసుగు పుట్టించింది. రెండవది పాఠాలు చెప్పడం. ఐదో శనివారం నాడు ఒక అమ్మాయి తన స్నేహితురాలిని కూడా వెంటబెట్టుకుని వచ్చింది. నా నోటుపుస్తకంలో ఆ వారం కింద ఆ ఒక్క వాక్యమే ఉంది.

ఏడవ మెట్టు: ఇంట్లోవారితో నెలకు ఒకసారి కూర్చోండి

ఇంట్లో ఉన్న మనిషి ఖాళీగా ఉన్నాడని అనుకోవడం సహజం. కరెంటు బిల్లు దగ్గర నుంచి అత్తగారి ఆసుపత్రి దాకా అన్నీ మీ మీదకే వస్తే, ప్రయోగాలకు వేళ ఉండదు. ఏ పనులు మీవో, ఏ గంటలు మీవో ముందే మాట్లాడుకోండి. నెలకు ఒకసారి భార్యాభర్తలిద్దరూ కూర్చుని, చేతిలో ఎన్ని నెలల సొమ్ము మిగిలిందో, ప్రయోగం ఎక్కడిదాకా వచ్చిందో చెప్పుకుంటే, మిగతా ఇరవై తొమ్మిది రోజులూ ఆ ప్రశ్న భోజనాల దగ్గరికి రాదు. తల్లిదండ్రులకు వివరాలన్నీ చెప్పనవసరం లేదు, మూడు ముక్కల సమాధానం చాలు. పిల్లలకు మాత్రం దాచకండి. వారికి ఎలాగూ తెలుస్తుంది.

ఎనిమిదవ మెట్టు: గడువు వచ్చినప్పుడు నిర్ణయం రాసుకోండి

మీరు చెప్పిన గడువు నాటికి నోటుపుస్తకం తెరిచి, ఐదు పేజీల్లో ఏ రెండు లేకుండా మీరు ఉండలేరో గుర్తించి, ఆ రెండింటినీ ఇవ్వగల పనినే ఎంచుకోండి. ఐదూ ఒకే ఉద్యోగం ఇవ్వాలని పట్టుబడితే మళ్ళీ అంతా ఒకే కార్డు మీద అచ్చవుతుంది. సొమ్ము ముందే అయిపోయి పాత రంగంలోనే చేరవలసి వస్తే, నిస్సంకోచంగా చేరండి, ప్రయోగాన్ని మాత్రం ఆదివారాలకు మార్చుకోండి. రెజ్యూమెలో ఈ నెలలను తేదీల వెనుక దాచవద్దు. "2024 ఏప్రిల్ నుంచి 2025 ఫిబ్రవరి వరకు: వృత్తి మార్పు కోసం విరామం, ఆరుగురు విద్యార్థులకు పైథాన్ బోధన" అన్నంత సూటిగా రాయండి. ఇంటర్వ్యూలో దాని గురించి అడిగినప్పుడు, వారం వారం రాసుకున్న మూడేసి వాక్యాలు మీకు సమాధానంగా ఉంటాయి.

కొత్త సంస్థ మీ మెడలో కార్డు వేసిన మొదటి వారంలో ఒక చిన్న పని చేయండి. నోటుపుస్తకంలో ఆరవ పేజీ తీసి, ఈ ఉద్యోగం ఐదింటిలో ఏవి ఇస్తోందో, మిగిలినవి ఎవరి దగ్గర, ఏ రోజు, ఏ వేళ దొరుకుతున్నాయో రాసుకోండి. నా ఆరవ పేజీలో శనివారం సాయంత్రం నాలుగు గంటలు అని ఉంది. కింద ఆ పిల్లల పేర్లు ఉన్నాయి.